కీటో డైట్‌లో ఉపవాసం.. షుగర్ పడిపోతే ఏం చేయాలి? ఉద్దానంలో ఎందుకు రెట్టింపు జాగ్రత్త అవసరం?

కార్తీక సోమవారం వచ్చిందంటే టెక్కలి దగ్గరి రావివలస ఎండల మల్లన్న సన్నిధికి తెల్లవారుజాము నుంచే జనం కడతారు. చాలామంది పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండి, సాయంత్రం చుక్కను చూశాకే ముద్ద నోట్లో పెడతారు. ఏకాదశులు, శివరాత్రి, దసరా దీక్షలు, రంజాన్ రోజాలు.. ఏడాది పొడవునా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు ఉపవాసం ఉంటూనే ఉంటారు. ఇది తరతరాలుగా ఉన్న అలవాటే.

కొన్నేళ్లుగా దీనికి ఇంకొకటి తోడైంది. అదే కీటో డైట్. విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ పేరుతో ప్రచారమైన ఆహార విధానం రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా పాకింది. అన్నం మానేయడం, కొబ్బరినూనె తాగడం, నిమ్మకాయ నీళ్లు, రోజుకు నాలుగు లీటర్ల నీరు.. ఈ మాటలు తెలియని ఇల్లు ఇప్పుడు తక్కువే. బరువు తగ్గాలని కొందరు, షుగర్ మాత్రలు వదిలించుకోవాలని మరికొందరు దీన్ని మొదలుపెడుతున్నారు.

అయితే అన్నం మానేసిన ఒంటికి ఉపవాసం కూడా తోడై, పైగా షుగర్ మాత్రలు మామూలుగానే వేసుకుంటే? రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతంలో ఈ ప్రమాదం మిగతా చోట్ల కంటే ఎక్కువ. ఎందుకో, ఏం చేయాలో వివరంగా చూద్దాం.

లో షుగర్ అంటే ఎంత?

రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే దాన్ని లో షుగర్ అంటారు. వైద్య భాషలో హైపోగ్లైసీమియా. 54 కంటే తగ్గితే అది తీవ్రంగా పరిగణించాల్సిన స్థాయి. మెదడు పనితీరు మీద ప్రభావం మొదలయ్యేది సాధారణంగా ఇక్కడి నుంచే. అంకె ఎంత ఉన్నా సరే, మనిషి తనంతట తాను ఏమీ తినలేక పక్కవాళ్ల సాయం అవసరమైందంటే దాన్ని అత్యవసర పరిస్థితిగానే చూడాలి.

షుగర్ ఎక్కువైతే నష్టం ఏళ్ల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. పడిపోతే మాత్రం నిమిషాల్లో పరిస్థితి మారిపోతుంది. అందుకే డాక్టర్లు షుగర్ పెరిగినదాని కంటే పడిపోయినదానికే ముందుగా పరుగులు పెడతారు.

అన్నం మానేస్తే ఒంట్లో ఏం జరుగుతుంది?

కీటో డైట్ కొత్తగా పుట్టిందేమీ కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్ రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం దీన్ని ప్రతిపాదించారు. ఉపవాసం ఉన్నప్పుడు మూర్ఛలు తగ్గుతున్నాయని అప్పటికే గమనించారు. రోజుల తరబడి ఉపవాసం కుదరదు కాబట్టి, తింటూనే ఒంటిని ఉపవాస స్థితిలో ఉంచే పద్ధతిగా ఇది వచ్చింది. ఇందులో పిండి పదార్థాలు రోజుకు సుమారు 20 నుంచి 50 గ్రాములకే పరిమితం. రెండు పూటలా కడుపునిండా అన్నం తినే మనిషికి అందే దాంతో పోలిస్తే ఇది చాలా చాలా తక్కువ.

మామూలు మనిషి కాలేయంలో దాదాపు 100 గ్రాముల గ్లూకోజ్ గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. రాత్రి నిద్రలో షుగర్ పడిపోకుండా కాపాడేది ఈ నిల్వే. ఏమీ తినకపోతే ఇది సుమారు ఒక రోజులో ఖాళీ అవుతుంది. కీటోలో ఉన్నవాళ్లకు ఈ నిల్వ ముందే సగం సగం. అంటే ఉపవాసం మొదలుపెట్టే సరికే గాదె అడుగంటి ఉంటుందన్నమాట.

నిల్వ అయిపోయాక శరీరం రెండు పనులు చేస్తుంది. ఒకటి, కొవ్వు నుంచి వచ్చే గ్లిసరాల్, కండరాల నుంచి వచ్చే అమైనో ఆమ్లాల లాంటి వాటితో కొత్తగా గ్లూకోజ్ తయారు చేసుకుంటుంది. రెండు, కొవ్వును కరిగించి కీటోన్లు తయారు చేసి, వాటితో మెదడుకు కూడా ఇంధనం అందిస్తుంది. ఈ రెండో ఏర్పాటు పూర్తిగా కుదురుకోవడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల సమయం పడుతుంది. అందుకే కీటో మొదలుపెట్టిన మొదటి వారం, పది రోజుల్లో నీరసం, తలనొప్పి, కళ్లు తిరగడం ఎక్కువగా కనిపిస్తాయి. ఆ సమయంలోనే ఉపవాసం కూడా పెట్టుకోవడం మంచిది కాదు.

మందులు వాడని వారికి భయం ఉందా?

షుగర్ జబ్బు లేని, ఏ మందులూ వాడని ఆరోగ్యవంతులకు కీటోలో ఉపవాసం ఉన్నప్పుడు మీటరులో 60, 65, 70 లాంటి అంకెలు కనిపించవచ్చు. ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోతే సాధారణంగా దీనికి కంగారు పడక్కర్లేదు. ఇన్సులిన్ తగ్గి, కీటోన్లు పెరిగి, శరీరం తన లెక్క తాను సరిచూసుకుంటుంది.

చెమటలు, వణుకు, మాట తడబడటం, కళ్లు బైర్లు కమ్మడం లాంటివి కనిపిస్తే మాత్రం ఉపవాసం అక్కడితో ఆపేయాల్సిందే. కళ్లు తిరగడం ఒక్కటే ఉంటే అది షుగర్ పడిపోవడం కాకుండా, ఒంట్లో నీరు, ఉప్పు తగ్గి బీపీ పడిపోవడం కూడా కావచ్చు. కీటోలో మొదటి రోజుల్లో మూత్రం ద్వారా నీరు, సోడియం ఎక్కువగా పోతాయి. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే వేలి చివర చుక్క రక్తంతో గ్లూకోమీటరులో చూసుకోవడమే మార్గం.

అసలు ప్రమాదం మాత్రలతోనే

షుగర్ జబ్బుకు వాడే మందులన్నీ ఒకేలా పనిచేయవు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు క్లోమ గ్రంథిని పిండి మరీ ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మనిషి అన్నం తిన్నాడా, పస్తు ఉన్నాడా అన్నది వాటికి పట్టదు. ఇన్సులిన్ ఇంజెక్షన్ సంగతీ అంతే. రోజూ మూడు పూటలా తిండికి సరిపడా రాసిన డోసును, అన్నం మానేసిన రోజున కూడా అలాగే తీసుకుంటే షుగర్ పడిపోవడం ఖాయమనే చెప్పాలి.

మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక్కటే వాడేవారికి షుగర్ పడిపోయే అవకాశం చాలా తక్కువ. అయితే మెడికల్ షాపుల్లో దొరికే చాలా మాత్రల్లో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిసే ఉంటాయి. 'నేను వేసుకునేది ఒక్క మాత్రే కదా' అనుకునేవారు ఆ మాత్ర అట్ట మీద ఎన్ని మందుల పేర్లు ఉన్నాయో ఒకసారి చూడాలి. చదవడం రాకపోతే అట్ట తీసుకెళ్లి ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో, ఫార్మసిస్టునో అడగాలి.

అలాగని ఉపవాసం రోజు మాత్రలన్నీ సొంతంగా మానేయడమూ సరికాదు. ముఖ్యంగా టైప్-1 షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ పూర్తిగా ఆపేస్తే ప్రాణం మీదకు వస్తుంది. ఏ మందు ఎంత తగ్గించాలి, ఏ పూటకు మార్చాలి అన్నది డైట్ మొదలుపెట్టక ముందే డాక్టరుతో తేల్చుకోవాల్సిన విషయం.

'కీటోన్లు కాపాడతాయి' అన్న మాటలో నిజమెంత?

కీటో చేసేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది. షుగర్ పడిపోయినా కీటోన్లు మెదడును కాపాడతాయి, భయం లేదు అని. ఇందులో సగమే నిజం.

చాలా రోజులు ఉపవాసం ఉన్నవారి మెదడు కీటోన్లతో నడవగలదన్నది నిజమే. 1960ల్లో అమెరికాలో జార్జ్ కాహిల్ బృందం చేసిన పరిశోధనలు దీన్ని తేల్చాయి. కొన్ని వారాల ఉపవాసం తర్వాత మెదడుకు కావాల్సిన శక్తిలో సగానికి పైగా కీటోన్ల నుంచే అందుతుందని అవి చూపాయి.

కానీ ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే కాలేయం కీటోన్లు తయారు చేయడం తగ్గించేస్తుంది. గ్లిమెపిరైడ్ మాత్ర వల్లో, ఇంజెక్షన్ వల్లో షుగర్ పడిపోయిందంటే ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నట్టే కదా. అంటే ఒకపక్క గ్లూకోజ్ తగ్గుతుంది, మరోపక్క కొత్తగా కీటోన్లు రావడమూ ఆగుతుంది. మెదడుకు రెండు దారులూ ఒకేసారి మూసుకుపోతాయి. మందులు వాడేవాళ్లు కీటోన్ల మీద భరోసా పెట్టుకోకూడదు అనడానికి కారణం ఇదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. కీటోన్లకు అలవాటు పడిన వారిలో షుగర్ తగ్గినా వణుకు, గాభరా లాంటి ముందస్తు హెచ్చరికలు ఆలస్యంగా రావచ్చు. అంతా బాగానే ఉందనుకుంటూనే మనిషి ఒక్కసారిగా కుప్పకూలే ప్రమాదం ఉంటుంది. అందుకే ఒళ్లు చెప్పే మాటతో పాటు మీటరు చెప్పే మాట కూడా వినాలి.

ఉద్దానానికీ దీనికీ సంబంధం ఏంటి?

కొబ్బరి, జీడి, పనస తోటలతో కళకళలాడే ఉద్దానానికి ఉద్యానవనం అన్న మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బులు వేధిస్తున్నాయి. 2019లో ప్రచురితమైన ఒక సర్వేలో, ఇక్కడ పరీక్షించిన రెండు వేల మందికి పైగా పెద్దల్లో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. వారిలో ఎక్కువమందికి షుగర్, బీపీ లాంటి తెలిసిన కారణాలేవీ కనిపించలేదు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. కిడ్నీ అంటే మూత్రం తయారు చేసేదే అనుకుంటాం. షుగర్ విషయంలో అది మరో మూడు పనులు చేస్తుంది.

మొదటిది, ఉపవాసంలో కొత్త గ్లూకోజ్ తయారు చేసేది కాలేయం ఒక్కటే కాదు, కిడ్నీలు కూడా. ఉపవాసం పొడవయ్యే కొద్దీ వాటి వాటా పెరుగుతుంది. కిడ్నీలు దెబ్బతింటే ఆ ఆసరా తగ్గిపోతుంది.

రెండోది, ఒంట్లో తిరిగే ఇన్సులిన్‌ను తొలగించడంలో కిడ్నీలది పెద్ద వాటా. ముఖ్యంగా ఇంజెక్షన్ ద్వారా తీసుకున్న ఇన్సులిన్‌ను. కిడ్నీ మందగిస్తే అదే డోసు ఎక్కువసేపు ఒంట్లో ఉండిపోతుంది. నిన్నటి వరకు సరిపోయిన డోసు ఇవాళ ఎక్కువైపోతుంది.

మూడోది, కొన్ని షుగర్ మాత్రలు, వాటి అవశేషాలు బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. గ్లిబెన్‌క్లమైడ్ ఇందుకు ఉదాహరణ. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఇది పేరుకుపోయి గంటల తరబడి, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల పాటు షుగర్‌ను పడదోస్తూనే ఉంటుంది. అందుకే కిడ్నీ రోగులకు ఈ మాత్ర వద్దంటారు.

షుగర్ మాత్రలు తగ్గిపోవడం చూసి 'డైట్ పనిచేస్తోంది, జబ్బు నయమైపోతోంది' అని సంబరపడే ముందు ఒక్కసారి ఆలోచించాలి. ఇన్సులిన్ అవసరం ఉన్నట్టుండి తగ్గిపోవడం కిడ్నీలు దెబ్బతింటున్నాయనడానికి కూడా గుర్తు కావచ్చు. డైట్ వల్లా, కిడ్నీ వల్లా అన్నది రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఉద్దానం తరహా కిడ్నీ జబ్బు చాలాకాలం బయటపడదు. కాళ్ల వాపులు ఉండకపోవచ్చు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోకపోవచ్చు. కాబట్టి మూత్ర పరీక్ష బాగుందని ఊరుకోకుండా సీరం క్రియాటినిన్ చేయించుకుని, దాన్నిబట్టి ఈజీఎఫ్‌ఆర్ ఎంతో డాక్టరును అడగాలి. ఈ ప్రాంతంలో కీటో గానీ, పొడవైన ఉపవాసాలు గానీ మొదలుపెట్టే ఎవరికైనా ఇది మొదటి మెట్టు.

లక్షణాలు ఎలా ఉంటాయి?

షుగర్ తగ్గుతున్నప్పుడు ముందుగా చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. గుండె దడదడలాడుతుంది. విపరీతమైన ఆకలి, గాభరా, పెదాల చుట్టూ తిమ్మిరి కనిపించవచ్చు. ఇంకా తగ్గితే చూపు మసకబారడం, మాట ముద్దగా రావడం, తికమక, కారణం లేకుండా చిరాకు పడటం మొదలవుతాయి. ఆ తర్వాత ఫిట్స్, స్పృహ తప్పడం. తాగి తూలుతున్నాడని పక్కవాళ్లు పొరబడే సందర్భాలూ ఉంటాయి.

జీడి ఫ్యాక్టరీల్లో ఉక్కపోత మధ్య పనిచేసే మహిళలకు, తోటల్లో ఎండకు కాయలు దించేవారికి, తెల్లారకముందే వేటకు వెళ్లే మత్స్యకారులకు చెమటలు, నీరసం రోజూ ఉండేవే. అందుకే వాళ్లు ఈ హెచ్చరికను ఎండదెబ్బ కింద కొట్టిపారేసే అవకాశం ఎక్కువ. నడిసంద్రంలో పడవ మీదో, కొబ్బరి చెట్టు మీదో ఉండగా కళ్లు తిరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. షుగర్ మందులు వాడేవారు ఉపవాసం రోజున ఇలాంటి పనులకు దూరంగా ఉండటమే మేలు. బండి నడపడం కూడా అంతే.

బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలు వాడేవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. ఇవి గుండె దడ, వణుకును కనపడనీయవు. చెమటలు మాత్రం పడతాయి. ఈ మాత్రలు వాడుతూ ఉపవాసంలో ఉన్న మనిషికి ఒళ్లంతా చల్లటి చెమట పట్టిందంటే ముందు షుగర్ చూడాలి.

షుగర్ పడిపోతే వెంటనే ఏం చేయాలి?

డాక్టర్లు చెప్పేది '15-15' సూత్రం. మీటరులో 70 కంటే తక్కువ చూపిస్తే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ తీసుకోవాలి. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఇంకా 70 దాటకపోతే మరోసారి అంతే తీసుకోవాలి. మీటరు అందుబాటులో లేకపోతే, లక్షణాలు ఉన్నాయంటే చాలు.. ముందు చక్కెర నోట్లో వేసుకోవాలి, లెక్కలు తర్వాత.

15 గ్రాములంటే ఎంత? గ్లూకోజ్ పొడి అయితే మూడు టీ స్పూన్లు. పంచదార అయితే మూడు, నాలుగు టీ స్పూన్లు అర గ్లాసు నీళ్లలో కలిపి తాగాలి. తేనె అయితే ఒక పెద్ద చెంచా.

వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వేసుకునేవారికి మాత్రం పంచదార త్వరగా పనిచేయదు. పంచదార పేగుల్లో విడిపోయి గ్లూకోజ్‌గా మారడాన్ని ఆ మాత్రలు అడ్డుకుంటాయి. వారు గ్లూకోజ్ పొడే దగ్గర ఉంచుకోవాలి. షాపులో కొనేటప్పుడు డబ్బా మీద గ్లూకోజ్ లేదా డెక్స్‌ట్రోజ్ అని ఉందో లేదో చూసుకోవాలి.

షుగర్ 70 దాటి ఒళ్లు కుదుటపడ్డాక పని అయిపోయిందనుకోకూడదు. చక్కెర ప్రభావం కాసేపే. మాత్ర ఇంకా ఒంట్లోనే ఉంటుంది. చోడి అంబలి, ఇడ్లీ, కాస్త అన్నం.. ఏదో ఒకటి తినాలి. ఆ రోజుకు ఉపవాసం ముగిసినట్టే. కీటో కూడా ఆపి, మందుల డోసు గురించి డాక్టరుతో మాట్లాడాకే మళ్లీ ఆలోచించాలి.

'మూడు చెంచాల పంచదారకే డైట్ మొత్తం పాడైపోతుందేమో' అని వెనకాడేవాళ్లు ఉంటారు. 15 గ్రాముల చక్కెరతో పోయేదేమీ లేదు. కీటోసిస్ కాస్త తగ్గినా మళ్లీ వస్తుంది. మెదడుకు గ్లూకోజ్ అందక జరిగే నష్టం మాత్రం మళ్లీ పూడేది కాకపోవచ్చు.

బోండాం తాగితే సరిపోదా?

ఉద్దానంలో ఎవరికి కళ్లు తిరిగినా ముందు గుర్తొచ్చేది కొబ్బరి బోండామే. చెట్టు కింద మనిషికి చేతికందే మందు అది. కానీ లో షుగర్‌కు ఇది సరైన విరుగుడు కాదు. 100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో ఉండే చక్కెర సుమారు 3, 4 గ్రాములే. 15 గ్రాములు అందాలంటే దాదాపు అర లీటరు తాగాలి.

కిడ్నీ రోగులకైతే అది మరీ ప్రమాదం. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. అర లీటరు నీళ్లలో ఇంచుమించు ఒక గ్రాము పొటాషియం ఉంటుంది. దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూ వచ్చు. డయాలసిస్ చేయించుకునేవారికి బోండాం, కమలాపండు రసం, అరటిపండు, పనస తొనలు పెట్టొద్దనేది ఇందుకే. వారికి లో షుగర్ వస్తే కొద్దిపాటి నీళ్లలో పంచదారో, గ్లూకోజ్ పొడో ఇవ్వడమే క్షేమం. బెల్లంలోనూ పొటాషియం ఉంటుంది కాబట్టి కిడ్నీ రోగులకు పంచదారే మేలు.

పలాస జీడిపప్పు సంగతి ఏంటి? అందులో కొవ్వు ఎక్కువ, పిండి పదార్థమూ ఉంటుంది. కొవ్వు వల్ల కడుపులోంచి ఆహారం నెమ్మదిగా కదులుతుంది. అత్యవసరంలో ఇచ్చే తిండి కాదు అది. కొబ్బరినూనె, నెయ్యి, వెన్న తాగించడం కూడా అంతే వృథా. కొవ్వు షుగర్‌ను పెంచదు. పాలకోవా, చాక్లెట్ లాంటివీ కొవ్వు వల్ల ఆలస్యంగానే పనిచేస్తాయి.

స్పృహ తప్పితే?

మగతలో ఉన్న మనిషి నోట్లో ఏదీ పోయకూడదు. నీళ్లయినా, పంచదార పానకమైనా ఊపిరితిత్తుల్లోకి పోతే ఊపిరాడక ప్రాణం పోవచ్చు. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వెంటనే 108కు ఫోన్ చేయాలి. షుగర్ రోగి అని, ఉపవాసంలో ఉన్నారని ఫోన్‌లోనే చెప్పాలి. ఆసుపత్రిలో నరంలోకి గ్లూకోజ్ ఎక్కిస్తే చాలామంది నిమిషాల్లోనే కళ్లు తెరుస్తారు.

కళ్లు తెరిచాక 'ఇక బాగానే ఉన్నాడు, ఇంటికి తీసుకెళ్తాం' అని పట్టుబట్టకూడదు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ రకం మాత్రల వల్ల పడిపోయిన షుగర్, గ్లూకోజ్ ప్రభావం తగ్గగానే మళ్లీ పడిపోతుంది. కిడ్నీ జబ్బు ఉంటే ఈ ముప్పు ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉంచి చూడాల్సి రావచ్చు. వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్తే డాక్టర్ల పని సులువవుతుంది.

షుగర్ మామూలుగా ఉన్నా ముంచే ప్రమాదం

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు ఇటీవల విరివిగా రాస్తున్నారు. షుగర్‌తో పాటు గుండె, కిడ్నీ జబ్బులకూ ఇవి మేలు చేస్తాయి. అయితే ఇవి వాడుతూ కీటో గానీ, పొడవైన ఉపవాసం గానీ చేస్తే రక్తంలో కీటోన్లు హద్దు మీరి ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. దీన్ని కీటోఅసిడోసిస్ అంటారు. ఈ మాత్రల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరిక జారీ చేసింది.

విచిత్రం ఏంటంటే, ఇందులో మీటరులో షుగర్ పెద్దగా పెరగదు. మనిషికి మాత్రం వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం ఉంటాయి. 'షుగర్ 150 ఉంది, ఏం పర్లేదు' అని ఇంట్లోనే ఉండిపోతే చేజారిపోతుంది. ఈ మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా కీటో జోలికి పోకూడదు.

నాలుగు లీటర్ల నీళ్లు అందరికీ కాదు

ఎండలో పనిచేసే ఆరోగ్యవంతులకు నీళ్లు ఎక్కువ తాగడం మంచిదే. నిర్జల ఉపవాసం, అదీ ఎండలో, కిడ్నీలకు చేటు. కానీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి, గుండె బలహీనంగా ఉన్నవారికి రోజుకు ఎంత నీరు తాగాలో డాక్టర్లు లెక్క కట్టి చెబుతారు. వాళ్లు డైట్ పేరుతో లీటర్ల కొద్దీ తాగితే ఒంట్లో నీరు చేరి, ఊపిరితిత్తుల్లోకి ఎక్కి ఆయాసం వస్తుంది. మాంసం, గుడ్లు అతిగా తినడం కూడా డయాలసిస్‌కు ముందు దశలో ఉన్న కిడ్నీల మీద భారమే.

ఉపవాసానికి ముందు ఇవి చూసుకోవాలి

షుగర్ మందులు వాడేవారు కీటో లేదా ఉపవాసం మొదలుపెట్టే ముందు డాక్టరును కలిసి డోసు మార్పించుకోవాలి. క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. కిడ్నీ జబ్బు, రక్తహీనత ఉన్నవారిలో మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. కాబట్టి వేలి రక్తపరీక్షే నమ్మకం.

ఉపవాసం రోజున ఉదయం లేవగానే, మధ్యాహ్నం, సాయంత్రం, పారణ చేసిన రెండు గంటలకు, పడుకునే ముందు షుగర్ చూసుకోవాలి. రక్తపరీక్షతో ఉపవాసం భంగం కాదు. చేయి కడుక్కుని, తుడుచుకున్నాకే వేలు గుచ్చాలి. జేబులో, కొంగు ముడిలో ఓ పొట్లం గ్లూకోజ్ పొడి ఉండాలి. గుడికి ఒంటరిగా వెళ్లకూడదు. ఉపవాసంలో ఉన్న సంగతి పక్కవాళ్లకు తెలిసి ఉండాలి.

కల్లు, మద్యం మరో ముప్పు. కాలేయం కొత్త గ్లూకోజ్ తయారు చేయడాన్ని మద్యం అడ్డుకుంటుంది. ఖాళీ కడుపున, అందులోనూ కీటోలో ఉండగా తాగితే మందులు వాడనివారికి కూడా షుగర్ పడిపోవచ్చు.

ఎవరు అసలు చేయకూడదు?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్-1 షుగర్ ఉన్నవారు, డయాలసిస్ మీద ఉన్నవారు, గతంలో షుగర్ పడిపోయి ఆసుపత్రిలో చేరినవారు, తిండి సరిగా లేక చిక్కిపోయిన వృద్ధులు కీటో, ఉపవాసం కలిపి చేయడం తగదు. డయాలసిస్ జరుగుతున్నప్పుడు, ఆ తర్వాత కూడా షుగర్ పడిపోయే అవకాశం ఉంటుంది. ఆ రోజు పస్తు అసలే పనికిరాదు.

మొక్కు ఏమవుతుందన్న బెంగ చాలామంది పెద్దవాళ్లను పీడిస్తుంది. ఇంట్లో వాళ్లకు చెప్పకుండా చెమటలు ఓర్చుకుని కూర్చునేది అందుకే. ఆరోగ్యం బాగోలేనివారికి, వృద్ధులకు, పసివాళ్లకు ఉపవాస నియమాల్లో సడలింపు ఉందని పురోహితులే చెబుతారు. జబ్బుపడిన వారికి రోజా నుంచి మినహాయింపు ఇస్లాంలోనూ ఉంది. పూట భోజనం చేసి దీపం పెట్టుకుంటే మల్లన్న కాదనడు.

పలాసలో 200 పడకల కిడ్నీ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. టెక్కలిలో జిల్లా ఆసుపత్రి ఉంది. ఊళ్లలో పీహెచ్‌సీలు ఉన్నాయి. క్రియాటినిన్ కోసం ఇదివరకటిలా విశాఖ దాకా పోవాల్సిన పని లేదు. డైట్ మొదలుపెట్టాలన్నా, ఉపవాసం ఉండాలన్నా ముందు ఆ ఒక్క పరీక్ష చేయించుకుని, మాత్రల అట్టలు డాక్టరుకు చూపించడం మరిచిపోకూడదు. ఇక్కడ చెప్పినవన్నీ అవగాహన కోసమే. ఎవరి ఒంటికి ఏది సరిపడుతుందో, ఏ మందు ఎంత తగ్గించాలో చెప్పాల్సింది మాత్రం వైద్యులే.